కూర్చుని వేసిన ముగ్గు

మా అపార్ట్‌మెంటు సంఘం నవంబరు మీటింగుకు మూడు విషయాలు ఉన్నాయి. మొదటిది బోరు మోటారు, రెండోది లిఫ్టు తలుపు, మూడోది నేను.

నా పేరు రాయలేదు. "గేటు ముందు ముగ్గు" అని రాశారు. ఆ గేటు ముందు ముగ్గు వేసేది నేనొక్కదాన్నే కాబట్టి లెక్క ఒకటే. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. సెక్రటరీ గారు మోటారునూ లిఫ్టునూ చకచకా తేల్చేసి గొంతు సవరించుకున్నారు.

"మేడంగారూ, ఏమనుకోవద్దు. నిరుడు ధనుర్మాసంల ముగ్గేసుకుంట ఏసుకుంట మీ నడుం పట్టేసింది. గేటు కాడ వంగినోళ్లు వంగినట్లనే ఉన్నరు. పైకి లేవరు, కిందికి కూసోరు. నేనూ పాలాయన కలిసి మిమ్మల్ని గట్లనే లిఫ్టుల పెట్టి పైకి తోలినం. మల్ల గట్లయితే మాకు పరేషాన్."

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆ రోజు లిఫ్టు అద్దంలో నాకు నా పాపిట మాత్రమే కనిపించింది.

"అందుకని ఈసారి పెయింటర్‌ను పిలుస్త. ఆయిల్ పెయింట్. ఒక్కసారి ఏపిస్తే అయిదేండ్లు మల్ల చూసే పని లేదు."

"మల్ల చూసే పని లేకుంటే అది ముగ్గెట్లయితది? పార్కింగ్ గీత అయితది," అన్నాను.

అందరూ నవ్వారు. సెక్రటరీ గారు కూడా నవ్వి, "మరి మీతోని అయితదా?" అని సూటిగా అడిగారు.

సూటి ప్రశ్నకు నేను ఎప్పుడూ గడువు పెట్టి జవాబు చెబుతాను. ధనుర్మాసం మొదటి రోజు పొద్దున గేటు ముందు పదిహేను చుక్కల ముగ్గు కనిపిస్తే పెయింటర్ మాట ఎత్తకూడదు. కనిపించకపోతే ఆ సాయంత్రమే పిలుచుకోవచ్చు. ఆయన ఒప్పుకుని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. నేను పైకొచ్చి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, పెట్టుకున్నాక భయపడ్డాను.

మాది అశోక్‌నగర్‌లో హాస్టళ్ల సందు. సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు తెల్లవారకముందే చేతిలో కాగితాలతో కోచింగ్‌కు బయల్దేరతారు. కాగితంలోంచి తల ఎత్తరు. కానీ నా ముగ్గు అంచు రాగానే వాళ్ల కాలు దానంతట అదే పక్కకు పడుతుంది. ఆయిల్ పెయింటు మీద ఎవరైనా తొక్కుకుంటూ పోతారు. నాకు ఆ పక్కకు పడే కాలు కావాలి. అంతకు మించి కారణం అడిగితే నా దగ్గర లేదు.

ముగ్గుకు రెండు కావాలి. వంగే నడుమూ, పిండి పట్టే వేళ్లూ. నాకున్న జబ్బు ఈ రెండింటినీ వెతుక్కుని మరీ పట్టుకుంది. అది పుట్టుకతో వచ్చే నరాల జబ్బు, తల్లి నుంచి వచ్చింది. ముగ్గురు విదేశీ డాక్టర్ల పేర్లు వరసగా పెట్టి దానికి పేరు చేశారు. ఎవరికీ చెప్పను, చెబితే స్పెల్లింగు అడుగుతారు. పాదాలకూ చేతులకూ వెళ్లే నరాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీరసిస్తాయి. కాలి ముందుభాగం పైకి లేవదు. అందుకని మోకాలు ఎత్తి ఎత్తి అడుగు వేస్తాను, రోడ్డు మీద నీళ్లు నిలిచినట్లు. తడికాలు నేల మీద పెడితే మడమ, వేళ్లు తప్ప మధ్యలో ఏమీ పడదు. చిన్నప్పుడు ఆ అచ్చు చూసి లక్ష్మీదేవి పాదం అనేవారు. అరవై దాటాక, చేతులకూ కాళ్లకూ కరెంటు పెట్టి పరీక్ష చేసిన డాక్టరు గారు వేరే మాట చెప్పారు.

నడుం నొప్పి ఆ జబ్బు కాదు, దాని చుట్టం. పాదం చేయాల్సిన పని తుంటి చేస్తుంది, తుంటి అలిసిపోతే నడుం చేస్తుంది. నేను దానికి చేయని మర్యాద లేదు. బెల్టు కట్టాను, పచ్చ మందూ ఎర్ర మందూ రాశాను, పరుపు కింద పాత తలుపు వేసి పడుకున్నాను. వేడినీళ్ల సంచి పెట్టుకుని నిద్రపోతే అది జారి పాదం మీదికి పోయింది. పొద్దున బొబ్బ కనిపించిందే గానీ కాలిన సంగతి నాకు తెలియలేదు. అప్పుడు డాక్టరు గారు, "నరం మన మాట వినదమ్మా. నడుం వింటుంది. వినేదాంతోనే మాట్లాడుకుందాం," అని ఫిజియోథెరపీకి రాసిచ్చారు. ఆ చీటీని నేను అలమరలో జాగ్రత్తగా పెట్టుకున్నాను. మీటింగు మర్నాడు బయటికి తీశాను.

ఫిజియోథెరపీ క్లినిక్ నారాయణగూడలో, మందుల దుకాణం పైన ఉంది. నడుం పట్టిన వాళ్ల కోసం పెట్టిన క్లినిక్కుకు నిటారు మెట్లు. ఎక్కగలిగితే సగం నయమైనట్లేనని వాళ్ల ఉద్దేశం కావచ్చు. పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్ల, ముప్పై కూడా నిండి ఉండవు, నన్ను నడిపించి చూసింది. గోడకు ఆనించి చూసింది. తర్వాత చాప చూపించింది.

"మేడం, జర గొంతుకూసోండి. మడిమెలు నేలకు ఆనాలె."

"మేం అట్ల కూసోం," అన్నాను.

"ఒక్కసారి కూసోండి, చూస్త."

మోకాళ్లు ముడిచాను. మడమలు లేచిపోయాయి. ఆనించబోయే సరికి వెనక్కి వెల్లకిలా పడ్డాను. చాప మెత్తన. ఆ పిల్ల ముందే నా వెనక దిండు కూడా పెట్టింది, అంటే పడతానని తెలుసన్నమాట.

"ఎప్పటి సంది కూసోరాదు మేడం?"

"రాకపోవడం కాదమ్మా. మా ఇంట్ల పద్ధతి లేదు. ముగ్గు కూడా మేం కూసొని ఏయం. నిలబడి, మోకాళ్లు వంచకుండా, నడుం వంచి ఏస్తం. మా అమ్మ గట్లనే నేర్పింది."

"మీ ఇంట్ల అంటే ఎవరెవరు?" కాగితం మీద ఏదో రాసుకుంటూ మామూలుగానే అడిగింది. వంశంలో ఎవరెవరికి ఈ జబ్బు ఉందో రాసుకునే గడి అది.

"మా అమ్మ, నేను, మా చెల్లె."

అక్కడ నేను ఆగిపోయాను. జబ్బు గడిలోనూ ఆ ముగ్గురమే. ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్లో ఉన్నన్నాళ్లూ కూడిక పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూడనిదే సంతకం పెట్టలేదు. ఈ కూడిక మాత్రం పుట్టిన నాటి నుంచి పైనుంచి కిందికే చూస్తున్నాను.

ఆటోలో తిరిగి వస్తుంటే చిక్కడపల్లి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. విద్యానగర్‌లో ఉండే చెల్లెలికి ఫోన్ చేశాను. నాకంటే నాలుగేళ్లు చిన్న. దానికీ ఇవే పాదాలు, ఇదే నడక. నోరు మాత్రం నాకంటే పెద్దది.

"ఏమే, నీకు గొంతుకూసొనుడు వస్తదా?"

"అన్నం తిని జర నడుం వాల్చిన్నక్కా. గిది అడిగెటందుకు లేపినవా?"

"వస్తదా రాదా చెప్పు."

"రాదు. మన ఇంట్ల ఎవరం గట్ల కూసోం గద."

"నాన్న?"

"నాన్న కూసునేటోడు. గడప ముందల గట్లనే కూసొని పేపర్ సదివేటోడు."

"మేనత్త?"

"కూసునేది. గంటలకొద్ది గట్లనే కూసొని చాటల బియ్యం ఏరేది. ఏందక్కా, ఏమైంది?"

"మన పాదాలు ఎవరియి?"

"అమ్మయి," అంది. పక్కన సిటీ బస్సు హారన్ కొడుతూనే ఉంది.

మేం నల్లకుంటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాలుగు వాటాలకు కలిపి ఒకే వాకిలి. పక్కవాటాల ఆడవాళ్లు గొంతుకూర్చుని, బాతుల్లా పక్కకు జరుగుతూ ముగ్గు వేసేవారు. మా అమ్మ ఒక్కతే నిలబడి విల్లులా వంగి వేసేది. "కూలబడి ఏసేది ముగ్గు కాదు బిడ్డా, గీకుడు," అని మాకు మాత్రమే వినబడేలా అనేది. మేం గర్వపడేవాళ్లం. బట్టలు కూడా నిలబడి ఎత్తు బండ మీద ఉతికేది. చెక్కపెట్టె మీద స్టవ్వు పెట్టించి, ఆ వాకిట్లో అందరికంటే ముందు నిలబడి వండింది ఆమే. అదంతా మా ఇంటి పద్ధతి అనుకున్నాం.

"అక్కా," అంది చెల్లెలు ఫోన్లో. "పెండ్లిళ్లల్ల అమ్మ ఏనాడన్న పంక్తిల కూసున్నదా?"

కూర్చోలేదు. ఎవరి పెళ్లికి వెళ్లినా కొంగు బిగించి వడ్డనకు దిగేది. ఈమెకు ఎంత ఓపిక, తను తినకుండా ఊరందరికీ పెడుతుంది అని అందరూ మెచ్చుకునేవారు.

"లేవరాకనే కూసోలేదు," అంది అది. పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆటోవాలా అద్దంలోంచి చూశాడు. ఇద్దరం నవ్వి నవ్వి ఆగాక, "ఆకలైతుండెనేమో అక్కా," అంది మెల్లగా.

అమ్మకు తెలుసా తెలియదా అన్నది నేను తేల్చలేను. ఆమె పోయేనాటికి ఈ జబ్బు పేరు మాలో ఎవరూ వినలేదు. ఆధారం లేకుండా నేను ఏదీ తేల్చను. కానీ ఒకటి మాత్రం తేలింది. చేతకానిదాన్ని ఆమె "చెయ్యం" అని చెప్పింది. మేం ఆమె కాళ్లతో పాటు ఆ మాటనూ తీసుకున్నాం. మాట కోసం నేను ఇన్నేళ్లు మోకాళ్లు వంచకుండా నడుం వంచాను. అమ్మకు ఆ పద్ధతి పనికొచ్చింది. నా నడుముకు రాలేదు.

అయితే కూర్చోవచ్చు. గొంతుకూర్చోలేను కాబట్టి దేని మీదో కూర్చోవాలి. ఈ చిన్న సంగతికి రావడానికి మాకు మరో పదిరోజులు పట్టింది, ఎందుకంటే మధ్యలో చెల్లెలు సలహాలు ఇచ్చింది.

మొదటి సలహా సుల్తాన్ బజార్‌లో దొరికే బెజ్జాల గొట్టం. పిండి పోసి దొర్లిస్తే తీగలూ పువ్వులూ వాటంతటవే పడతాయి. "చుక్క లేకుంట ముగ్గేంది?" అన్నాను. "నీకు చుక్కలు గావాల్నా, నడుం గావాల్నా?" అంది. రెండూ కావాలన్నాను. రెండో సలహా ప్లంబింగ్ పైపు. నిటారుగా నిలబడి, పైనుంచి పిండి పోస్తే కింద చుక్క పడుతుందట. మేడ మీద ప్రయోగం చేశాం. మొదటి చుక్క ఇడ్లీ అంత పడింది. రెండో చుక్క పడనే లేదు. ఎందుకని చెల్లెలు పైపు ఎత్తి కిందినుంచి కన్ను పెట్టి చూసింది. అప్పుడు పడింది.

ఆ కళ్లు కడిగించుకున్న సాయంత్రమే ఇద్దరం చెప్పుల దుకాణానికి వెళ్లాం. మడమ గట్టిగా ఉండి, చీలమండను పట్టుకునే బూట్లు కొనుక్కోమని ఫిజియో పిల్ల చెప్పింది. కాలి ముందుభాగం వేలాడకుండా లోపల పెట్టుకునే ప్లాస్టిక్ పట్టీ విడిగా చేయించింది, అది పట్టే సైజు కావాలి. దుకాణంలో సోఫా నిండా జనం. నా కాళ్లు ఆగలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న పొట్టి స్టూలు మీద కూర్చున్నాను.

"అమ్మా, అది నేను కూసునేది. మీకు తొడగాలె గద," అన్నాడు దుకాణం అతను, చేతిలో బూటుతో.

నేను వినలేదు. కుడి మోచేయి మోకాలి మీద ఆనించి, ఎడమచేతిని నేలకు చాపి చూస్తున్నాను. వేళ్లు నేలకు అందుతున్నాయి. నడుం వంగలేదు, తుంటి దగ్గర వంగింది. చేతులు మార్చి చూశాను. అప్పుడూ అందింది. సంచిలోంచి టేపు తీశాను. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. స్టూలు ఎత్తు పద్నాలుగు అంగుళాలు.

"స్టూలు అమ్ముతరా?" అని అడిగాను.

"అక్కా, ఇజ్జత్ తీస్తున్నవు," అని చెల్లెలు చెవిలో అంది. కానీ టేపు రెండో కొస పట్టుకున్నది అదే.

స్టూలు అమ్మలేదు. అదే ఎత్తుకు చిక్కడపల్లిలో ఒకటి చేయించుకున్నాం. చక్రాలు పెట్టించమని చెల్లెలు పట్టుబట్టింది. జారుకుంటూ వేయొచ్చట. నాకు నిలబడితేనే నిలకడ తక్కువ, చక్రాల మీద కూర్చుంటే గేటు ముందు మొదలుపెట్టిన ముగ్గు మెయిన్ రోడ్డు మీద ముగుస్తుంది. వద్దన్నాను. స్టూలును క్లినిక్‌కు ఆటోలో తీసుకెళ్లి చూపించాను. ఆ పిల్ల నన్ను దాని మీద కూర్చోబెట్టింది, లేపింది, మళ్లీ కూర్చోబెట్టింది.

"మంచిగుంది మేడం. నడుం గుండ్రంగ చెయ్యొద్దు. లేచేటప్పుడు చేతికట్టె పట్టుకోండి. ఇంకోటి, నొప్పి లేవక ముందల్నే ఆపాలె. నొప్పి లేసినంక ఆపితే అది ఆపుడు లెక్కల రాదు."

ఆ చివరి మాట నాకు నచ్చింది. నేను ఎప్పుడూ నొప్పి లేచాక, ఈ ఒక్క వరుస అయిపోనీ అని ఇంకో రెండు వరుసలు వేసే రకం.

ఇంకొక సౌకర్యం కూడా కలిసొచ్చింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం ఆమె ఇచ్చిన వ్యాయామం. ఇంట్లో గోడను చూస్తూ చేయాలంటే నాకు విసుగు. పదిహేను చుక్కల ముగ్గుకు, ఎనిమిది దాకా తగ్గిస్తే, పదిహేను వరుసలు వస్తాయి. వరుస అయినప్పుడల్లా లేచి స్టూలు వెనక్కి జరపాలి. అంటే పదిహేనుసార్లు లేవాలి. వ్యాయామం ముగ్గులోనే జమ అయింది. "కట్టె పట్టుకుంటరు కాబట్టి సగమే లెక్క," అంది ఆ పిల్ల. మనిషి నచ్చింది నాకు.

వేళ్ల సంగతి చెల్లెలే తేల్చింది, దాన్ని తక్కువ చేయకూడదు. బొటనవేలూ చూపుడువేలూ పిండిని పట్టుకోవు గానీ పిడికిలి ఇంకా బాగానే ఉంది. చెల్లెలు వాళ్లింట్లో అయిపోయిన టమాటా సాస్ ప్లాస్టిక్ సీసా కడిగి, ఆరబెట్టి తెచ్చింది. మెత్తటి పిండి మూతిలో అడ్డుపడింది. కొంచెం బరక పిండి పోస్తే చుక్క గుండ్రంగా పడింది. మేడ మీద వారంపాటు సాధన చేశాను. మొదటిరోజు అయిదు వరుసలు వేసి, ఇంకా వేయగలిగి ఉండీ, ఆపేశాను. జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు.

ధనుర్మాసం మొదటి రోజు ముందు సాయంత్రమే చెల్లెలు సంచి సర్దుకుని వచ్చింది. తెల్లవారుజామున గేటు ముందు ఊడ్చి నీళ్లు చల్లింది. నేను బూట్లు వేసుకుని, పట్టీ బిగించుకుని, కట్టెతో దిగాను. దాని చేతిలో స్టూలు.

మధ్య వరుసతో మొదలుపెట్టాను. పదిహేను. లేచాను, చెల్లెలు స్టూలు జరిపింది, కూర్చున్నాను. పద్నాలుగు. చుక్కకూ చుక్కకూ మధ్య మూడంగుళాలు. చుక్క పెట్టినప్పుడల్లా సీసా తుస్సుమంటోంది. "నూడుల్స్ బండి లెక్కున్నది," అంది చెల్లెలు. "నవ్వియ్యకు, చుక్క తప్పుతది," అన్నాను. ఒక పక్క ఎనిమిదికి వచ్చేసరికి నడుములో చిన్న కదలిక తెలిసింది. ఇంకా నొప్పి కాదు, నొప్పి గేటు బయట నిలబడి బెల్లు నొక్కబోతున్నట్లు. ఇదివరకైతే తలుపు తీసేదాకా వేసేదాన్ని. ఆపాను. చెల్లెలు ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది. ఇద్దరం గేటు దిమ్మె మీద కూర్చుని సగం ముగ్గును చూస్తూ తాగాం. కదలిక పోయింది. మళ్లీ మొదలుపెట్టాను.

చుక్కలు పూర్తయ్యాక నిలబడి లెక్కపెట్టాను, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. నూట అరవై తొమ్మిది. సరిపోయింది. గీతలు నాలుగు వైపుల నుంచి కలిపాను, మూలన ఒక్కటి మిగిలింది. నా గీత మునుపటి అంత సన్నంగా రాలేదు, ఒకచోట వణికింది కూడా. దగ్గరికి వచ్చి చూస్తేనే తెలుస్తుంది, దగ్గరికి వచ్చేవాళ్లు పక్కకు తిరిగి పోతారు. రేపటికి ఏడు చుక్కలది చాలనుకున్నాను, నాలుగు దాకా తగ్గిస్తే ముప్పై ఏడే. పెద్దవి ఆదివారాలకు. నెల పొడవునా పదిహేనే వేస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు.

హాస్టలు నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒకరి ప్రశ్నకు ఇంకొకరు జవాబు చెప్పుకుంటూ నడుస్తున్నారు. అంచు దగ్గరికి రాగానే మాట ఆగలేదు, తల ఎత్తలేదు, కాళ్లు మాత్రం పక్కకు తిరిగాయి. చెల్లెలు నా భుజం మీద గిల్లింది.

వాళ్ల వెనకాలే సెక్రటరీ గారు పాలప్యాకెట్లతో వచ్చారు. గేటు బయట నిలబడి ముగ్గును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"ఏసిన్రు మేడం! మరి పెయింటర్‌కు రమ్మని చెప్పిన గద, ఆయన్నేం జెయ్యాలె?"

"పార్కింగ్ గీతలు ఏపియ్యండి. చెరిగిపోయి రెండేండ్లయింది."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లబోయి మళ్లీ ఆగారు. నా కింద స్టూలునూ, చేతిలో సాస్ సీసానూ చూశారు.

"ఎప్పుడు నిలబడి వంగి ఏసేటోళ్లు గద? ఈసారి కూసొని ఏసిన్రేంది?"

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మూలన మిగిలిన చివరి గీత కలిపి, సీసా మూత పెట్టి, కట్టె కోసం చేయి చాపాను.

"మా ఇంట్ల ఇట్లనే ఏస్తరు," అన్నాను.